ఒక గంట ముందు

వాషింగ్టను నగరానికి వాయవ్యంగా సుమారు 50 మైళ్ళ దూరంలో, మేరీలాండ్ రాష్ట్రంలో, ఫ్రెడరిక్ అనే పాత పట్నం ఉంది. ఎర్ర ఇటుకల ఇళ్ళు, సన్నని చర్చి శిఖరాలు, ఊరి నడుమ ఒక చిన్న వాగు. ఆ ఊళ్ళో ఈస్ట్ పాట్రిక్ వీధిలో 48వ నంబరు భవనంలో ఒక మ్యూజియం ఉంది: అంతర్యుద్ధ వైద్య జాతీయ మ్యూజియం. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య సాగిన యుద్ధంలో గాయపడినవారికీ, జబ్బుపడినవారికీ వైద్యం ఎట్లా జరిగిందన్నదే దాని విషయం. గోర్డన్ డామన్ అనే దంతవైద్యుడు ఏళ్ళ తరబడి పోగుచేసిన ఆనాటి వైద్య పరికరాలు దానికి పునాది. 1996లో జనానికి తలుపులు తెరిచారు.

మ్యూజియం అనగానే మన తెలుగువాళ్ళకు సాలార్‌జంగ్ గడియారమూ, మేలిముసుగు రెబెకా గుర్తుకు వస్తాయి. యుద్ధానికి సంబంధించిన మ్యూజియం అంటే ఫిరంగులు, కత్తులు, పతకాలు, గుర్రమెక్కిన సేనాధిపతులు. నా మట్టుకు నేను ఫ్రెడరిక్ పక్కనుంచి ఎన్నోసార్లు కారులో వెళ్ళాను గాని, అక్కడ దిగి చూడాలన్న ఆలోచన వచ్చింది మా నాన్నగారి వల్లనే. ఆయన పల్నాడు ప్రాంతంలో ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైనవారు. పోయిన సెప్టెంబరులో మా ఇంట్లో ఉండగా, ఆదివారం ఎటైనా వెళదామంటే యాంటీటమ్ యుద్ధభూమి చూద్దామన్నాను. ఆయన కాసేపు పటం వంక చూసి, "గెలిచినవాడి గుర్రం బొమ్మలు చాలా చూశానమ్మా. పడినవాడి సంగతి చెప్పే చోటేదైనా ఉంటే అక్కడికి తీసుకెళ్ళు" అన్నారు.

అట్లా వెళ్ళాం.

ఈ ఊరిని ఎంచుకోవడానికి మ్యూజియం వాళ్ళకు తగిన కారణం ఉంది. 1862 సెప్టెంబరు 17న ఇక్కడికి పడమరగా, షార్ప్స్‌బర్గ్ పక్కన యాంటీటమ్ వాగు ఒడ్డున రెండు సైన్యాలు తలపడ్డాయి. ఒక్క పగటిలో చచ్చినవారు, గాయపడినవారు, కనబడకుండా పోయినవారు కలిపి సుమారు 23 వేలు. అమెరికా చరిత్రలో అంతటి రక్తం పారిన రోజు మరొకటి లేదంటారు. ఆ తరువాతి రోజులలో క్షతగాత్రులు బండ్ల మీద ఫ్రెడరిక్ చేరారు. అప్పటి ఊరి జనాభా సుమారు 8 వేలు. చేరిన రోగులు కూడా దాదాపు అంతమంది. చర్చీలు, బడులు, హోటళ్ళు అన్నీ ఆసుపత్రులైనాయి. చర్చీలలో బల్లల మీద పలకలు పరిచి, పలకల మీద గడ్డి పరిచి పడుకోబెట్టారు. ఇప్పుడు మ్యూజియం ఉన్న భవనంలో, చనిపోయినవారి దేహాలు చెడిపోకుండా రసాయనాలు ఎక్కించి సొంత ఊళ్ళకు పంపే పని జరిగింది.

* * *

లోపలికి వెళ్ళేముందు నా మనసులో ఉన్నది ఒకటే బొమ్మ: రంపం. సినిమాలలో చూపించేది అదే కదా! తాగించి, పళ్ళ మధ్య తూటా పెట్టి కరిపించి, నలుగురు పట్టుకోగా కాలు కోసేయడం. రంపాలు ఉన్నాయి. నల్ల చెక్కపిడి, మఖమల్ గుడ్డ పరిచిన పెట్టె, పక్కన వరసగా పొడవాటి కత్తులు, రక్తనాళాలు పట్టే పటకార్లు. మా ఊరి వడ్రంగి సంచి కంటే ఎక్కువ శుభ్రంగా సర్ది ఉన్నాయి.

అయితే ఆ మ్యూజియం మొదట చేసే పని ఆ సినిమా బొమ్మను చెరిపివేయడం. ఆ యుద్ధంలో శస్త్రచికిత్సలు మత్తు లేకుండా జరగడం చాలా అరుదు. ఈథర్‌ను బోస్టన్‌లో 1846లో బహిరంగంగా వాడి చూపారు. క్లోరోఫారమ్ గుణాన్ని స్కాట్లాండులో సింప్సన్ 1847లో కనుగొన్నాడు. యుద్ధం వచ్చేసరికి రెండూ సర్జన్ల సంచులలో ఉన్నాయి. దక్షిణాది సైన్యంలో, ఓడల రాకపోకలు కట్టడి అయి మందులు కరువైనప్పుడు, జూలియన్ చిజమ్ అనే వైద్యుడు ముక్కులో పెట్టుకునే రెండు గొట్టాల చిన్న పరికరం ఒకటి తయారు చేశాడు. గుడ్డ మీద పోస్తే సగం గాలిలో కలిసిపోయే క్లోరోఫారమ్, దాని వల్ల కొద్ది చుక్కలతోనే సరిపోయేది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. లేమి నుంచి పుట్టిన తెలివి. అరుపులు ఎక్కువగా మత్తులోనే కలవరించేవారివి. దూరం నుంచి విన్నవారు నొప్పికి అరుస్తున్నారనుకున్నారు. పంటిగాట్లు పడ్డ తూటాలు యుద్ధభూముల్లో దొరికిన మాట నిజమే గాని, వాటిలో చాలావాటిని నమిలినవి పందులట.

క్లోరోఫారమ్ సీసా దగ్గర నాన్నగారు ఆగి, "దీనికీ మన హైదరాబాదుకీ ఒక లంకె ఉంది" అన్నారు. మాష్టారికి పాఠం దొరికింది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ కూడా బ్రిటిష్ ఇండియా సైనిక వైద్య సర్వీసుకు చెందినవాడే. క్లోరోఫారమ్ వల్ల చచ్చిపోయేవారు గుండె ఆగి చస్తారా, ఊపిరి ఆగి చస్తారా అన్న వాదం ఇంగ్లండులో తెగకపోతే, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో 1888లోనూ 1889లోనూ హైదరాబాదులో రెండు క్లోరోఫారమ్ కమిషన్లు కూర్చున్నాయి. రెండవదానికి లాన్సెట్ పత్రిక లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి పంపింది. జంతువుల మీద వందలాది ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతుంది, గుండెకు భయం లేదు అని తేల్చారు. ఆ తీర్పు నిలవలేదు. క్లోరోఫారమ్ గుండె లయను కూడా చెడగొట్టి హఠాత్తుగా చంపగలదని 1911 ప్రాంతంలో లెవీ అనే శాస్త్రవేత్త చూపించాడు. కాని ఆ పనిలో పాలుపంచుకున్న హైదరాబాదు వైద్య విద్యార్థిని రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఈనాటికీ చెప్పుకుంటారు.

మళ్ళీ రంపం దగ్గరికి వస్తే, కోయడం కసాయితనం వల్ల కాదు. ఫ్రాన్సుకు చెందిన మినియే రూపొందించిన తూటా మెత్తటి సీసంతో చేసినది, బరువైనది. పాత గుండ్రటి గుండు ఎముకను తాకి పక్కకు జారిపోయేది. ఇది ఎముకను తాకగానే చదునై, ఆ ఎముకను అంగుళాల పొడవున పిండి చేసి, మట్టినీ, చొక్కా పీలికలనూ లోపలికి లాక్కుపోయేది. అటువంటి కాలును ఉంచితే కుళ్ళి మనిషి పోతాడు. మొదటి 24 గంటలలో తీసేస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆలస్యమైనకొద్దీ తక్కువ. ఉత్తరాది సైన్యపు లెక్కల ప్రకారం 30 వేలకు దగ్గరగా అటువంటి శస్త్రచికిత్సలు జరిగాయి. చేయించుకున్నవారిలో సుమారు ముప్పాతికమంది బతికారు. సూక్ష్మక్రిముల సంగతి తెలియని కాలమది. లిస్టర్ తన పద్ధతిని ప్రకటించింది 1867లో, అంటే యుద్ధం ముగిసిన రెండేళ్ళకు. కత్తిని నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుని మరొకరిని కోసిన చేతులవి. ఆ చేతులతోనే నలుగురిలో ముగ్గురు బతికారంటే, మొదటి 24 గంటల విలువ ఏమిటో ఊహించుకోవచ్చు.

* * *

అక్కడ నన్ను ఎక్కువ కదిలించిన గది రక్తం లేనిది. సైనిక శిబిరంలో రోజువారీ బతుకు చూపించే గది అది: గుడారం, కుండ, ఎండిన రొట్టె.

ఆ యుద్ధంలో చనిపోయినవారు సుమారు 6 లక్షల 20 వేలని చాలాకాలం చెప్పుకున్నారు. ఇటీవలి పరిశోధకులు అసలు సంఖ్య ఇంకా ఎక్కువేనంటున్నారు. వారిలో మూడింట రెండు వంతులమందిని చంపింది శత్రువు కాదు, జబ్బు. జిగట విరేచనాలు, టైఫాయిడ్, చలిజ్వరం, న్యుమోనియా, తట్టు. తట్టు చిన్నపిల్లల జబ్బు కదా అనుకుంటాం. కాని మారుమూల పొలాల్లో పెరిగి ఎన్నడూ గుంపులో ఉండని కుర్రాళ్ళను వేలమందిని ఒకచోట చేర్చేసరికి, శిక్షణ ముగియకముందే అది వాళ్ళను పడగొట్టింది. మరుగుదొడ్డి ఎక్కడ తవ్వాలి, నీళ్ళు ఎక్కడ తోడుకోవాలి అన్న రెండు ప్రశ్నలకు సరైన జవాబు లేకపోవడం తూటాల కంటే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంది.

"ఇది పాఠ్యపుస్తకంలో ఉండదు" అన్నారు నాన్నగారు. "యుద్ధం ఏ తేదీన మొదలైంది, ఎవరు గెలిచారు, సంధి షరతులేమిటి. నేనూ అదే చెప్పాను ముప్ఫై ఏళ్ళు. మరుగుదొడ్డి గురించి ఐదు మార్కుల ప్రశ్న ఎవరిస్తారు?"

* * *

తరువాతిది క్షతగాత్రులను యుద్ధరంగం నుంచి తరలించడం గురించి. చూడడానికి ఆట్టే ఏమీ ఉండదు. స్ట్రెచరు అంటే రెండు కర్రలు, మధ్య కాన్వాసు గుడ్డ. ఆనాటి గుర్రపుబండి గురించిన వివరాలు. కొన్ని ఉత్తర్వులు. అయినా మేము ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

యుద్ధం మొదటి ఏడాదిలో గాయపడినవారిని మోయడం ఎవరి పనీ కాదు. బండ్లు ఉన్నాయి, కాని అవి సరుకుల శాఖవారి అధీనంలో ఉండేవి. సేనాధిపతికి సామాను మోయాలంటే ముందు అవే పోయేవి. తోలేవాళ్ళు సైనికులు కారు, కూలికి కుదిరినవాళ్ళు. ఫిరంగి మోత వినగానే కొందరు పారిపోయేవారు. కొందరు రోగుల కోసం ఇచ్చిన విస్కీ తామే తాగి పడిపోయేవారు. మోసేవాడు లేక, గాయపడినవాడి స్నేహితులే నలుగురు అతణ్ణి ఎత్తుకుని వెనక్కి పోయేవారు. పోయినవాళ్ళలో తిరిగి పోరుకు వచ్చేవాళ్ళు తక్కువ. 1862 ఆగస్టు చివర జరిగిన రెండవ బుల్ రన్ యుద్ధంలో గాయపడినవారు కొందరు వారం రోజుల దాకా అదే నేల మీద, ఎండలో, వానలో పడి ఉన్నారు. అన్నం లేదు, నీళ్ళు లేవు. రాజధాని అక్కడికి ముప్ఫై మైళ్ళే.

ఆ వేసవిలోనే పోటోమాక్ సైన్యానికి వైద్యాధిపతిగా వచ్చినవాడు జొనాథన్ లెటర్‌మన్. వయసు 37. ఆయన కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త శస్త్రచికిత్స చేయలేదు. చేసినదల్లా ఏర్పాటు. ఆయన పథకాన్ని సేనాధిపతి మెక్‌క్లెల్లన్ 1862 ఆగస్టు 2న ఉత్తర్వుగా జారీ చేశాడు. దానిలో ఏముందో చూడండి. బండ్లు ఇకమీదట వైద్యశాఖవి, రోగులకూ మందులకూ తప్ప మరి దేనికీ వాడరాదు. తోలేవాళ్ళు, మోసేవాళ్ళు సైనికులే. వాళ్ళకు వేరే అధికారులు, వేరే కవాతు, టోపీకి ఆకుపచ్చ పట్టీ. ఆ పట్టీ లేనివాడు గాయపడినవాణ్ణి మోసే సాకుతో వరుస వదలకూడదు. స్ట్రెచరు ఎట్లా ఎత్తాలి, ఎట్లా దించాలి, బండిలోకి ఎట్లా జార్చాలి అన్నది యుద్ధం లేని రోజుల్లో సాధన చేయాలి. పోరు జరిగేచోటికి దగ్గరగా కట్టు కట్టే స్థావరం. దాని వెనుక, గుళ్ళు తగలనంత దూరంలో, ఏ కొట్టమో ఇల్లో చూసి క్షేత్ర ఆసుపత్రి. ఆపైన పట్నాల్లో పెద్ద ఆసుపత్రులు. గాయాన్ని బట్టే వరుస, హోదాను బట్టి కాదు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన మరో ఉత్తర్వు ప్రకారం, కత్తి పట్టేది కూడా హోదా పెద్దదైన సర్జను కాదు, చేతివాటం ఉన్న సర్జను.

ఇవన్నీ లెటర్‌మన్ బుర్రలోనే పుట్టాయని కాదు. నెపోలియన్ సేనలో లారే అనే వైద్యుడు 1790లలోనే 'ఎగిరే అంబులెన్సులు' నడిపాడు. అయినా మధ్యలో ఆ తెలివిని లోకం మరిచిపోయింది. లెటర్‌మన్ దాన్ని ఎవరు లేకపోయినా నడిచే యంత్రంగా కూర్చాడు. యాంటీటమ్ దానికి మొదటి పెద్ద పరీక్ష. బుల్ రన్ గడిచి మూడు వారాలే అయింది. బండ్లు ఇంకా చాలినన్ని రాలేదు. అయినా ఉత్తరాది సైన్యంలో గాయపడిన వేలమందిని మరునాటి రాత్రికల్లా నేల మీద నుంచి తీశారు. అదే సైనికులు, అవే గాయాలు, అవే రంపాలు. వారం రోజులు ఒక రోజు అయింది.

* * *

నాన్నగారు స్ట్రెచరు ముందు నిలబడి కదలలేదు. కాళ్ళు నొస్తున్నాయేమోనని, "నాన్నా, అక్కడ బెంచీ ఉంది, కాసేపు కూర్చుంటారా?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "మీ చిన్నాన్నకి ఇదన్నా లేదు కదమ్మా" అన్నారు.

ఆ మాట మా ఇంట్లో నలభై ఏళ్ళుగా ఎవరూ పైకి అనరు. మా చిన్నాన్న పోయింది 1984లో. నాకు అప్పుడు ఆరేళ్ళు. సాగరు కాలువ కట్ట మీద వడ్ల బస్తాల ట్రాక్టరు తిరగబడి, కాలు ట్రక్కు కింద పడింది. సాయంత్రం ఆరున్నర వేళ. తువ్వాలుతో తొడ బిగించి కట్టారు. నులకమంచం మీద వేసుకుని నలుగురు మూడు కిలోమీటర్లు పొలాలకు అడ్డంపడి తారురోడ్డు ఎక్కించారు. చివరి బస్సు వెళ్ళిపోయింది. లారీలు వస్తున్నాయి, దీపాల వెలుగులో మంచాన్నీ రక్తాన్నీ చూసి వేగం పెంచుతున్నాయి. పోలీసు కేసవుతుందని భయం. (గాయపడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలను సుప్రీంకోర్టు ఆమోదించింది 2016లో.) చివరికి ఒక పాల వ్యాను ఆగింది. క్యాన్ల మధ్య పడుకోబెట్టుకుని పట్నం చేరేసరికి రాత్రి పది దాటింది. డాక్టరుగారు చేయి పట్టుకు చూసి, "ఒక గంట ముందు తీసుకొచ్చుంటే" అన్నారట.

ఆ వాక్యం మా ఇంట్లో ఉండిపోయింది. నాయనమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ దాన్ని పట్టుకుని వేలాడింది. ఆ గంట ఎక్కడ పోయిందని ఆమె ప్రశ్న. ఒకరోజు లారీ డ్రైవర్లను తిట్టేది, ఒకరోజు మంచం మోసినవాళ్ళు నెమ్మదిగా నడిచారనేది, ఒకరోజు దేవుణ్ణి. చుట్టాలు వచ్చి ఆయుష్షు అంతే రాసిపెట్టి ఉందని ఓదార్చేవారు. ఆ ఓదార్పు ఆమెకు కొంత పని చేసింది. నాన్నగారికి చేయలేదని నాకు ఆనాడు ఫ్రెడరిక్‌లో తెలిసింది. ఆ గదిలో చెబుతున్నదేమిటంటే ఆ గంట ఆయుష్షు లెక్కలో లేదు. అది బండి ఎవరిది, తోలేది ఎవరు, ఎక్కడికి తోలాలి అన్న లెక్కలో ఉంది. బుల్ రన్‌లో పోయినవాడి తల్లికి కూడా ఎవరో ఒకరు దైవనిర్ణయమనే చెప్పి ఉంటారు. మూడు వారాల తరువాత ఆ దైవనిర్ణయం మారింది, ఎవరో ఒకరు కూర్చుని ఒక ఉత్తర్వు రాసినందువల్ల.

* * *

మిగిలిన గదులు కాస్త తొందరగా చూశాం. వాటిలో చెప్పదగిన మనుషులు చాలామంది ఉన్నారు. వైద్య సేవకు అమెరికా అత్యున్నత సైనిక పతకం పొందిన మేరీ వాకర్, ఆ పతకం పొందిన ఏకైక మహిళ ఇప్పటికీ ఆమే. 1917లో దాన్ని రద్దు చేశారు, 1977లో తిరిగి ఇచ్చారు. అమెరికా సైన్యంలో తొలి నల్లజాతి వైద్యాధికారి అలెగ్జాండర్ ఆగస్టా. తమ పైన నల్లవాడు అధికారిగా ఉండడమేమిటని తెల్ల సర్జన్లు 1864లో ఏకంగా లింకనుకే ఉత్తరం రాశారు. గాయాన్ని బట్టి వరుస అన్న నియమం రోగులకే గాని, వైద్యుల మధ్యకు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. యాంటీటమ్‌లో గాయపడినవాడికి నీళ్ళు తాగిస్తుండగా, తన చొక్కా చేతిలోనుంచి దూసుకుపోయిన తూటా ఆ రోగినే చంపిందని చెప్పిన క్లారా బార్టన్. యుద్ధం తరువాత ఆమె వాషింగ్టనులో ఒక చిన్న కార్యాలయం తెరిచి, కనబడకుండా పోయిన కొడుకుల కోసం తల్లులు రాసిన 63 వేల పైచిలుకు ఉత్తరాలకు బదులివ్వడానికి కూర్చుంది. 22 వేలమంది ఆచూకీ తేల్చింది. 1881లో అమెరికన్ రెడ్‌క్రాస్ సంస్థను స్థాపించింది ఆమే.

లెటర్‌మన్ సంగతి మాత్రం సుఖాంతం కాదు. యుద్ధం మధ్యలోనే ఆ పదవి విడిచి, 1864లో సైన్యానికి రాజీనామా చేసి కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. 1867లో భార్య పోయింది. ఆయన 1872లో, 47 ఏళ్ళకే శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయాడు. 1911లో ఆ ఊరి సైనిక ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు.

బయటికి వచ్చి కారల్ క్రీక్ వాగు పక్కన కూర్చున్నాం. నీళ్ళ మీద కలువలు ఉన్నాయి. ఇంట్లోనుంచి తెచ్చుకున్న పులిహోర తింటూ, నేను ఎప్పుడో చదివిన ఒక తండ్రి కథ నాన్నగారికి చెప్పాను.

బోస్టన్‌లో హెన్రీ బౌడిచ్ అని పేరుపొందిన వైద్యుడు. ఆయన కొడుకు నథానియల్ అశ్వికదళంలో లెఫ్టినెంటు. 1863 మార్చి 17న వర్జీనియాలో కెలీస్ ఫోర్డ్ దగ్గర గాయపడి నేల మీద పడ్డాడు. లెటర్‌మన్ పథకం అప్పటికి పోటోమాక్ సైన్యంలో ఉంది గాని, ఆ అశ్వికదళం వెంట అతణ్ణి మోసుకుపోయే అంబులెన్సు రాలేదు. మరునాడు చనిపోయాడు. తండ్రి అంతకుముందే అంబులెన్సుల దుస్థితి మీద పత్రికలకు రాసి ఉన్నాడు. అధికారులు పెడచెవిన పెట్టారు. కొడుకు పోయాక ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అంబులెన్సుల ఏర్పాటు కోసం ఒక విన్నపం అది. ప్రతి సైన్యానికీ, చట్టం ద్వారా ఆ ఏర్పాటు ఉండాలని కోరాడు. 1864 మార్చి 11న అమెరికా కాంగ్రెసు ఆ చట్టం చేసింది. కొడుకు పోయి అప్పటికి ఏడాది నిండడానికి వారం తక్కువ.

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వసారాలో కాగితం గుర్తుందా?" అని అడిగారు.

గుర్తు లేకపోవడమేమిటి! మా ఇంటి వసారాలో, గుమ్మం పక్కన గోడకు మైదా బంకతో అంటించిన తెల్లకాగితం. ప్రతి సంక్రాంతికీ పాతది పీకి కొత్తది అంటించేవారు. గుండ్రటి చేతివ్రాతలో పేర్లు. రైసుమిల్లు జీపు డ్రైవరు. ఊళ్ళో రాత్రి పడుకునే నైట్‌హాల్ట్ బస్సు కండక్టరు, మారినప్పుడల్లా కొత్త పేరు. కట్టు కట్టడం తెలిసిన కాంపౌండరు. మంచం మోయడానికి ఎనిమిదిమంది కుర్రాళ్ళు, ఊళ్ళో నలుగురు, మాలపల్లె నుంచీ మాదిగపల్లె నుంచీ చెరి ఇద్దరు. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి పేర్లలో అవి ఉన్నాయి. ఎందుకున్నాయో ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

"మిల్లు ఆయనతో మాట్లాడి ఒప్పించాను. అర్ధరాత్రైనా జీపు ఇవ్వాలి, డీజిలు డబ్బులు నావి. ఒక్కటే షరతు పెట్టాను. ఏ వీధివాడని అడగకూడదు. మొదట్లో గొణిగాడు, తరువాత అలవాటు పడ్డాడు. కుర్రాళ్ళకు బడి మైదానంలో మంచం ఎత్తడం నేర్పించాను. తల వైపు ఇద్దరు, కాళ్ళ వైపు ఇద్దరు, మిగతా నలుగురు మార్చుకోవడానికి. ఊరంతా నవ్వారు, హెడ్మాస్టరుగారు మంచాలు మోయిస్తున్నారని."

"ఎంతమంది బతికారు నాన్నా?"

"లెక్క రాయలేదమ్మా. కాన్పు కష్టమైనవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, పురుగుమందు తాగినవాళ్ళు. కొందరు బతికారు, కొందరు లేదు. కాని రోడ్డు మీద మాత్రం ఎవరూ పోలేదు."

బౌడిచ్ పుస్తకం చట్టమైంది. మా నాన్నగారి కాగితం వసారా దాటలేదు. ఆయన రిటైరై, మిల్లు చేతులు మారి, కుర్రాళ్ళు హైదరాబాదుకు వలసపోయాక అది నడవడం కష్టమైందట. ఒక మనిషి మీద ఆధారపడిన ఏర్పాటు ఆ మనిషితోనే ముసలిదవుతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సులు మొదలైనాయి. కొన్నాళ్ళకు జిల్లాలకూ, ఆపైన ఎన్నో రాష్ట్రాలకూ విస్తరించాయి. మా మండలానికి ఆ బండి వచ్చిన రోజున నాన్నగారు వెళ్ళి చుట్టూ తిరిగి చూశారట. డ్రైవరు పేరేమిటని కాక, రాత్రిపూట డ్రైవరు వేరే ఉన్నాడా అని అడిగారట. ఉన్నాడన్నారు. ఇంటికి వచ్చి వసారాలో కాగితం పీకేశారు.

"మళ్ళీ ఎందుకు అంటించలేదు?" అన్నాను.

"ఫోన్లో మూడంకెలు. కాగితమెందుకు?" అని చేతులు కడుక్కోవడానికి లేచారు.